ఒక వేలు, రెండు వేళ్ళు, మూడు వేళ్ళు

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నా సంగతి తెలిసినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వుకుంటారని నాకు తెలుసు. లండన్ పక్కనున్న స్లౌలో మన తెలుగువాళ్ళ పుట్టినరోజు విందుల్లో, పెద్దపులితో పేకాడి గెలిచిన మా తాత గురించి, థేమ్స్ నదిలో నా చెప్పు మింగి మర్నాడు తెచ్చిచ్చిన చేప గురించి చెప్పింది నేనే. "ఈయన నోట్లో ఎప్పుడైనా నిజం పుడితే చెప్పండి, బారసాల చేద్దాం" అని మా ఆవిడ నలుగురిలోనూ అంటుంది. అంచేత ఈసారి దేవుడి మీదా పిల్లల మీదా ఒట్టు వెయ్యడం లేదు. అవి ఇదివరకే చాలాసార్లు వాడేశాను. నా ముక్కు మీదున్న ఈ కళ్ళజోడు మీద ఒట్టు.

పోయిన నెల రీడింగ్ అనే ఊళ్ళో మా ఆఫీసు పక్కనున్న కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళాను, జోడు జారిపోతోందని. కౌంటర్లో అమ్మాయి దాన్ని తీసుకుని, కాడలు కాస్త వంచి, గుడ్డతో తుడిచి, తనే నా చెవులకి తగిలించి, "ఇప్పుడు బాగా కనిపిస్తోందా?" అని అడిగింది. మామూలు ప్రశ్న. వచ్చిన ప్రతివాణ్ణీ అడుగుతుంది. నేను మాత్రం బయటికొచ్చి బస్టాపు బెంచీ మీద కూర్చుండిపోయాను.

ఆ ప్రశ్న ఒకాయనది. ఆయన పోయి ఏడాది దాటింది.

పేరు రాయను. ఆయన కూడా ఎవరినీ పేరుపెట్టి పిలవగా నేను వినలేదు. మన రాష్ట్రం రెండు ముక్కలైన ఏడాది పరిచయం. శనివారాలు మా అమ్మాయిని కూచిపూడి క్లాసులో దింపాక నాకు రెండు గంటలు పనుండేది కాదు. ఒక శనివారం వాన పట్టుకుంది. ఆ క్లాసు జరిగే హాలుకి దగ్గర్లోనే చెకుముకిరాళ్ళ గోడలతో ఒక పాత చర్చి ఉంది. తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్ళి చివరి బల్ల మీద కూర్చున్నానో లేదో, ఫోను మోగింది. ఆఫీసులో ఏదో ఆగిపోయిందట. చేసింది మా టీములోని తెలుగు కుర్రాడే.

"రైల్లో ఉన్నాను తమ్ముడూ, సిగ్నల్ పోతోంది. సోమవారం చూద్దాం" అని పెట్టేశాను.

"ఏ రైలయ్యా ఇది? నేను కూడా ఎక్కుదును."

వెనక్కి తిరిగి చూశాను. పొట్టిగా, నల్లగా, నెరిసిన జుట్టుకి నూనె రాసి పక్కపాపిడి తీసిన పెద్దాయన. టై మీద చేతుల్లేని స్వెట్టరు, స్వెట్టరు మీద 'గైడ్' అని రాసున్న బ్యాడ్జి. నేనింకా ఏ అబద్ధం చెబుదామా అని వెతుక్కుంటుండగానే ఆయన చెయ్యి చాపి నా ముఖమ్మీది కళ్ళజోడు తీసేసుకున్నారు. అడగలేదు. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూశారు.

"ఎన్నాళ్ళయింది దీన్ని తుడిచి? దీంట్లోంచి చూసేవాడికి రైలుకీ చర్చికీ తేడా ఎట్టా తెలుస్తది?"

జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన పసుప్పచ్చ గుడ్డ తీశారు. అద్దం నడిమి నుంచి అంచుకి గుండ్రంగా తిప్పుతూ, తొందర లేకుండా తుడిచారు. తనే నా చెవులకి తగిలించి, ఒక అడుగు వెనక్కి వేసి అడిగారు.

"ఇప్పుడు కనపడతందా?"

"కనపడుతోందంకుల్."

తరవాత గమనించాను, అది నాకొక్కడికే చేసిన మర్యాద కాదు. కళ్ళజోడుతో ఆ తలుపు దాటిన ఏ మనిషినీ ఆయన వదిలేవారు కారు. ఇంగ్లీషు వాళ్ళయితే మొదట ఉలిక్కిపడేవాళ్ళు, తరవాత బొమ్మల్లా నిలబడేవాళ్ళు. వాళ్ళని "బెటర్?" అని అడిగేవారు. బెటర్ అనని మనిషి లేడు.

చీరాల నుంచి వచ్చి ఈ ఊళ్ళో ట్రేడింగ్ ఎస్టేట్‌లో కళ్ళద్దాలు తయారుచేసే ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యారు. నేను చూసేనాటికే భార్య లేరు, పిల్లలు లేరు. ప్రభుత్వం అద్దెకిచ్చే కౌన్సిల్ ఫ్లాట్‌లో ఒక్కరే ఉండేవారు. ఇంతకు మించి జీవితచరిత్ర నాకు తెలియదు. అడిగితే చెప్పేవారేమో. నాకు మాత్రం ఆయన వేళ్ళ మీదే కుతూహలం.

ఆయన ఏ సంగతి చెప్పబోయినా ముందు వేళ్ళెత్తేవారు. ఒక వేలెత్తితే తను కళ్ళారా చూసింది. రెండెత్తితే అచ్చులో చదివింది. మూడెత్తితే ఎవరో చెప్పగా విన్నది. వేళ్ళెత్తకుండా ఒక్క ముక్క ఆయన నోట్లోంచి రాలేదు. "బస్సు ఆలస్యమయిందయ్యా" అనడానికి కూడా ముందు ఒక వేలు లేచేది. వానలు పడతాయట అనాలంటే మూడు.

ఆ చర్చి గోపురం కింద ఒక ఖగోళశాస్త్రవేత్త సమాధి ఉంది. జర్మన్ గడ్డ మీద పుట్టి, ఈ దేశం వచ్చి, ఆర్గన్ వాయించుకుంటూ బతికి, తన చేత్తో చేసుకున్న దుర్భిణితో పెరట్లోంచి ఒక కొత్త గ్రహాన్నే పట్టుకున్నవాడు. ఆ తరవాత రాజుగారు ఆదరిస్తే చివరికి ఈ ఊళ్ళో స్థిరపడ్డాడు. ఆకాశానికి వేసిన గడియలు విరగ్గొట్టినవాడని అక్కడ లాటిన్‌లో చెక్కి ఉంది. పెద్దాయనకి ఆ శాస్త్రవేత్త 'బాబాయి'. తోకచుక్కల్ని పట్టిన ఆ శాస్త్రవేత్త చెల్లెలు 'మేనత్త'. అంతకు ఐదారు వందల ఏళ్ళ ముందు వెలుగు మీదా ఇంద్రధనుస్సు మీదా పుస్తకాలు రాసిన ఒక ఇంగ్లీషు బిషప్పు 'తాతయ్య'. గాజుముక్క అడ్డం పెట్టుకుంటే ముసలివాళ్ళు కూడా చిన్నక్షరాలు చదవచ్చని రాసిన ఆక్స్‌ఫర్డ్ సన్యాసి 'పెదనాన్న'. భూమి తిరుగుతోందన్నందుకు ముసలితనంలో ఇంట్లో బందీ అయిన ఇటలీ ఆయన 'మావయ్య'.

"ఈ వరసలు ఎవరు కలిపారంకుల్?" అన్నాను.

"నేనే. వీళ్ళంతా అద్దం పట్టుకున్న ఇంటోళ్ళయ్యా. నేను ఆ ఇంట్లో చిట్టచివర కుర్రోణ్ణి."

ఒకసారి ఆయన్ని ఏడిపిద్దామని, "చర్చికీ దుర్భిణికీ పడదంటారు కదా, మీరేమో చర్చిలో నిలబడి దుర్భిణి గురించి చెబుతారేంటి?" అన్నాను.

రెండు వేళ్ళు లేచాయి. "మావయ్యని ఇంట్లో కూర్చోబెట్టింది చర్చే." చెయ్యి దించి మళ్ళీ రెండు వేళ్ళెత్తారు. "తాతయ్య బిషప్పు గుడ్డలు కట్టుకునే ఇంద్రధనుస్సు మీద రాశాడు. ఒకటి చెప్పి ఒకటి దాచావనుకో, అది చీలిక పడ్డ అద్దం. ఒక్కో కంటికి ఒక్కో లోకం చూపెట్టుద్ది."

మూడు వేళ్ళ కథల్లో ఆయనకి ఇష్టమైనది రాజుగారిది. బాబాయి కట్టిన పెద్ద దుర్భిణి గొట్టాన్ని ఇంకా పైకెత్తక ముందు, అది పెరట్లో పడుకుని ఉండగా రాజుగారు చూడ్డానికొచ్చారట. మనుషులు నడిచి వెళ్ళేంత గొట్టం. వెనకాల ఆర్చిబిషప్పుగారు లోపల నడవలేక తడబడుతుంటే రాజుగారు ఆయన చెయ్యి పట్టుకుని, రండి, మీకు పరలోకానికి దారి చూపిస్తానన్నారట. విన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవారు కారు. "చూపిచ్చాడో లేదో తెలవదు. అందుకే మూడు వేళ్ళు" అనేవారు.

మేనత్త కథకి రెండు వేళ్ళు. బాబాయి తన దుర్భిణిలో పెట్టే లోహపుటద్దానికి మెరుగు పెడుతున్నంతసేపూ చెయ్యి తియ్యకూడదు. తీస్తే పని పాడవుతుంది. పొద్దుననగా మొదలుపెడితే పొద్దుగూకినా తెమిలేది కాదు. అప్పుడు చెల్లెలు పక్కన కూర్చుని నోటికి అందించేది. ఈ కథ చెబుతున్నప్పుడు ఆయన కుడిచెయ్యి బల్ల మీద గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. ఎడమచేత్తో గాలిలో ముద్ద కలిపి, బొటనవేలితో నొక్కి, కనపడని నోటికి పెట్టేవారు. ఆ ముద్ద ఏమిటో ఇంగ్లీషువాళ్ళకి అర్థమయ్యేది కాదు. అయినా ఒకావిడ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఒక వేలు.

నేను ప్రతి శనివారం ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళేవాణ్ణి. మొదటిసారి మూత నిండా పోసిస్తే తాగే ముందు వాసన చూసి, కళ్ళు మూసుకున్నారు.

"మీ ఆవిడ యాలక్కాయ తొక్కతో సహా దంచుద్ది కదా?"

"ఎలా తెలుసంకుల్?"

"అందరూ తొక్క తీసి పారేస్తారు. వాసనంతా దాంట్లోనే ఉంటది. ఈ ఊళ్ళో నేను తాగిన టీల్లో ఇట్టాటిది ఇదొక్కటే."

ఆయన ఫ్యాక్టరీ కబుర్లు కూడా ఆ టీ దగ్గరే. అక్కడ ఒక్కో కళ్ళజోడు అద్దాల జతా ఒక్కో ట్రేలో వెళ్తుందట. ట్రేతో పాటు ఒక చీటీ. అరగదీసినవాడు సంతకం పెడతాడు, మెరుగు పెట్టినవాడు పెడతాడు, రంగు వేసినవాడు పెడతాడు. అన్నీ అయ్యాక పవరు కొలిచి, వెలుగులో చూసి, చివరి సంతకం పెట్టేవాడు ఈయన.

"తప్పు అద్దం బయటికి పోయిందనుకో, పైన ఎన్ని సంతకాలున్నా చూడరు. చివరి సంతకం ఎవడిదో వాడిదే తప్పు. అరగదీసినోడి పేరు నేను ఏనాడూ చెప్పలా. నేను చూసి కదా పంపిచ్చింది?"

అలా ఒకనాడు వాళ్ళ నాన్న సంగతి వచ్చింది. ఒక వేలు ఎత్తి చెప్పారు. ఆ నాన్న చీరాల వీధుల్లో కత్తులకీ కత్తెరలకీ సాన పట్టేవాడు. కాలితో తొక్కితే తిరిగే చక్రం భుజాన మోసుకుని ఇంటింటికీ తిరిగేవాడు. కురువిందం అనే గట్టిరాయి ఎర్రపొడిని లక్కలో కలిపి చక్రానికి తనే పట్టించుకునేవాడు. కత్తెర ఇచ్చేవాళ్ళు గేటు బయటే నిలబెట్టేవాళ్ళు. మంచినీళ్ళు అడిగితే దోసిలి పట్టమని పైనుంచి పోసేవాళ్ళు.

"సాయంత్రానికి ఆ ఎర్రపొడి మా నాన్న కనురెప్పల మీద కూడా ఉండేది. నేను తడిగుడ్డతో తుడిచేవాణ్ణి. తుడిచి, ఇప్పుడు కనపడతందా నాన్నా అని అడిగేవాణ్ణి."

టీ చల్లారిపోయింది. ఆయన మూత విదిలించి నాకు తిరిగిచ్చేశారు.

నాలాంటివాడు ఒక మనిషి జీవితంలో ఖాళీ కనపడితే దాన్ని కథతో పూడ్చకుండా ఉండలేడు. మన బలహీనత కూడా మీకు తెలుసు. లోకంలో ఏ గొప్ప పని జరిగినా దాని అడుగున మనవాడొకడు ఉంటే బాగుండునని మనకి ఉంటుంది. ఆఫీసులో కూర్చుని ఒక ఓడ కెప్టెన్ని పుట్టించాను. బందరు రేవు నుంచి ఆయన చేత బాబాయికి ఇంగ్లీషులో ఉత్తరం రాయించాను. 'ఇక్కడి జెంటూలు తమ సాన చక్రాలకి వాడే ఎర్రటి పొడి ఒక పీపా పంపుతున్నాను, తమ అద్దానికి ఇంతకు మించిన మెరుగుపొడి దొరకదు' అని. ఆ రోజుల్లో దొరలు తెలుగువాళ్ళని జెంటూలనేవాళ్ళు. ఆ పదం పెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. పాతకాలపు అచ్చక్షరాల్లో ప్రింటు తీసి, ఇంటికి తెచ్చి, పళ్ళెంలో టీ పోసి అందులో నానబెట్టి, రేడియేటరు మీద ఆరబెట్టాను. పాత పుస్తకంలోంచి ఊడిన పేజీలా తయారైంది.

"ఆ పెద్దాయనతో ఆటలేంటండీ?" అంది మా ఆవిడ.

"ఆట కాదు. సంతోషపడతాడు."

"సంతోషపడ్డాక?"

"అప్పుడు చెప్పేస్తాలే."

ఆక్స్‌ఫర్డ్‌లో పాత పుస్తకాల కొట్లో దొరికిందని చెప్పి ఇచ్చాను. ఆయన చదివారు. పెదాలు కదుపుతూ మళ్ళీ చదివారు. తరవాత తన కళ్ళజోడు తీసి పసుప్పచ్చ గుడ్డతో తుడుచుకున్నారు. ఇన్నేళ్ళలో ఆయన తన జోడు తుడుచుకోవడం నేను చూసింది అప్పుడే.

"మా నాన్న చక్రం మీద పొడి, అబ్బాయ్" అన్నారు. "గేటు బయట నిలబెట్టిన పొడి."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. వచ్చే శనివారం చెబుదామనుకున్నాను. ఆ శనివారం నేను వెళ్ళేసరికి ఆయన సమాధి దగ్గర ఒక గుంపుకి రెండు వేళ్ళెత్తి చూపిస్తున్నారు. కుడిచెయ్యి బల్ల మీద గుండ్రంగా తిరుగుతోంది. మాటల్లో బందరు వినపడింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ గరిటె పట్టుకుని నావైపు చూసింది. "ఎప్పుడు చెబుతారు? ఆయన పోయాకా?"

కొన్ని నెలలు గడిచాయి. చర్చిలో కొత్త బోర్డు పెడదామనుకున్నారు. వచ్చినవాళ్ళు చదువుకోవడానికి బాబాయి గురించి, మేనత్త గురించి. గైడ్లందరికీ పెద్ద ఒక రిటైరయిన స్కూలు టీచరు, తెల్లావిడ. రాయడం పెద్దాయనకే అప్పగించింది, ఈయన చెప్పిన మాట తప్పయింది ఎప్పుడూ లేదని. ఆయన రాసినదాంట్లో చివరి నాలుగు వాక్యాలూ బందరు పొడి గురించే. "మా నాన్న పేరు పెట్టలా, సానపట్టేవాళ్ళు అని మాత్రం రాశా" అని నాకు చూపించారు. అచ్చుకి వెళ్ళే ముందు చూడమని ఆవిడ ఒక చరిత్ర పరిశోధకుణ్ణి పిలిచింది. పాత దుర్భిణుల మీదే ఆయన పని.

ఆ శనివారం మధ్యాహ్నం సమాధి దగ్గర బల్ల వేసి గైడ్లు నలుగురైదుగురు కూర్చున్నారు. నేను వెనక బల్ల మీద, పక్కన ఫ్లాస్కు. పరిశోధకుడు చదువుతూ చదువుతూ చివరి వాక్యాల దగ్గర ఆగాడు.

"ఇది నాకు కొత్త విషయం. దీనికి ఆధారం ఉందా?"

"ఉంది" అన్నారు పెద్దాయన, రెండు వేళ్ళెత్తి. తన బైబిల్లోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులో భద్రంగా దాచుకున్న కాగితం ఇచ్చారు.

పరిశోధకుడు చాలా మర్యాదస్థుడు. కాగితాన్ని తిప్పి చూశాడు, వెలుగుకి పెట్టి చూశాడు. తరవాత నెమ్మదిగా, బాధపెట్టకుండా చెప్పాలని వెతుక్కుంటున్నట్టుగా చెప్పాడు.

"ఇందులో ఆయన్ని 'సర్' బిరుదుతో సంబోధించారు. ఉత్తరం రాసిన ఏడాదికి ఆయనకి ఆ బిరుదు రాలేదు, చాలా ఏళ్ళ తరవాత వచ్చింది. ఇంకొకటి..." కాగితం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "దీనికి ఏదో వాసన ఉంది. మంచి వాసనే. మసాలా దినుసులాంటిది."

పెద్దాయన చెయ్యి చాపి కాగితం తీసుకున్నారు. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు. కళ్ళు మూసుకున్నారు, మొదటిసారి నా ఫ్లాస్కు మూత అందుకున్నప్పటిలాగే. కళ్ళు తెరిచాక నా ముఖం చూడలేదు. నా పక్కనున్న ఫ్లాస్కు వైపు చూశారు.

"ఇది మీకు ఎవరిచ్చారు?" అని అడిగింది టీచరమ్మ. ఆవిడ గొంతులో నింద లేదు. ఒక పేరు చెబితే అయిపోతుందని అందరికీ తెలుసు. ఆయన వేళ్ళకి ఆ చర్చిలో ఉన్న విలువ ఉంటుందో పోతుందో ఆ ఒక్క జవాబు మీదే ఉంది.

"ఎవరిస్తే ఏమిటమ్మా" అన్నారు ఆయన ఇంగ్లీషులో, ఫ్యాక్టరీలో చీటీ చూపించినట్టు కాగితం చూపిస్తూ. "నేను చూసి పంపించాను. చివరి సంతకం నాది."

స్వెట్టరు మీద బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టారు.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. "ఆ కాగితం చేసింది నేను" అన్నాను. "ఆ వాసన మా ఇంటి టీది. ఈయనకి ఏ పాపమూ తెలియదు." టీచరమ్మ నన్ను చాలాసేపు చూసి, బ్యాడ్జి తీసి తన చేత్తో మళ్ళీ ఆయన స్వెట్టరుకి పెట్టింది. పెద్దాయన నా దగ్గరికొచ్చి, నా కళ్ళజోడు తీసి తుడుస్తూ, తెలుగులో నాకొక్కడికే వినపడేట్టు, "ఇవాళ్టికి రైలు దిగావయ్యా" అన్నారు. పై శనివారం ఎప్పటిలాగే మేనత్త కథకి రెండు వేళ్ళు లేచాయి. పోయేదాకా ఆయన గైడుగానే ఉన్నారు.

ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి ఈ కింది మాటలు రాస్తున్నాను. అక్షరాలు నాకు సరిగ్గా కనపడటం లేదు.

ప్రతి మాటా నిజమని ఒట్టేశాను. ఒక్క పేరా నాది. 'అప్పుడు నేను లేచి నిలబడ్డాను' దగ్గర్నుంచి ఆ పేరా చివరిదాకా. నేను లేవలేదు. ఆయన బ్యాడ్జి బల్ల మీద పెట్టినప్పుడు నేను ఫ్లాస్కు తీసి బల్ల కింద నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. అంతే నేను చేసింది. టీచరమ్మ "మీరు ఉండండి, పరవాలేదు" అంది. ఆయన తల అడ్డంగా ఊపారు. తప్పు అద్దం పంపినవాడు ఆ బల్ల దగ్గర కూర్చోకూడదన్నారు. 'ఇవాళ్టికి రైలు దిగావయ్యా' అని ఆయన అనలేదు. ఆ మాట ఆయన నోట్లో పెట్టింది నేను. అనిపించుకోవాలని నాకు ఉండేది.

బోర్డు వచ్చింది. చివరి నాలుగు వాక్యాలు లేకుండా.

ఆయన మాత్రం శనివారాలు రావడం మానలేదు. నా పక్కన చివరి బల్ల మీద, వచ్చి పోయేవాళ్ళలో ఒకరిగా కూర్చునేవారు. కొత్త గైడు ఎవరో మేనత్త కథ చెబుతుంటే ఆయన కుడిచెయ్యి మోకాలి మీద గుండ్రంగా తిరిగేది. కథ మాత్రం చెప్పేవారు కారు. ఇంకెప్పుడూ ఆయన వేళ్ళు లేవగా చూడలేదు, ఒకటి గానీ, రెండు గానీ, మూడు గానీ. టీ పోసిస్తే వాసన చూడకుండా తాగేసేవారు. ఇక చెప్పేద్దామని నేను నోరు తెరిచిన ప్రతిసారీ, ఆయనకి తెలుసు కదా అనుకునేవాణ్ణి. తెలిసినవాడికి చెప్పడమెందుకని సర్దుకునేవాణ్ణి. అలా మూడేళ్ళు. మా ఆవిడ అడగడం మానేసింది. ఆయన పోయాక కూడా అడగలేదు.

ఒక్కటి మాత్రం ఆయన మానలేదు. ఆయన బ్యాడ్జి తీసేసిన ఆ మధ్యాహ్నమే, చర్చి బయట బస్టాపులో నేను ఆయన పక్కన నిలబడితే, ఆయన చెయ్యి చాపి నా కళ్ళజోడు తీసుకున్నారు. పసుప్పచ్చ గుడ్డ తీశారు. నడిమి నుంచి అంచుకి, గుండ్రంగా, ఎప్పటికంటే ఎక్కువసేపు తుడిచారు. నా చెవులకి తగిలించి, ఒక అడుగు వెనక్కి వేసి, అడిగారు.

"ఇప్పుడు కనపడతందా?"

ఇది నేను కల్పించలేదు. ఒక వేలు.